ఉయ్యాల కుర్చీ ఎడమ కొమ్ము

ప్రైవేటు డిటెక్టివ్ అగస్ట్ ప్రిబిల్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది భయపడుతూ వస్తారు. మెట్లెక్కేటప్పుడే తెలిసిపోతుంది. మధ్యలో ఒకసారి ఆగుతారు, తలుపు బయట ఇంకోసారి ఆగుతారు. జనవరి రెండో సోమవారం పొద్దున వచ్చిన మనిషి మాత్రం ఎక్కడా ఆగలేదు. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, తిన్నగా లోపలికి వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

“దీని మీద నేను సంతకం పెట్టను. పెట్టక్కర్లేదని శుక్రవారం లోపల మీరు రుజువు చెయ్యాలి” అంది.

ఆవిడ హల్దిస్ బ్రెక్కె. డెబ్బై ఒకటో ఏడు. భర్త పోయి పన్నెండేళ్లయింది. ఎల్బో క్రీక్ లోయలో నలభై ఎకరాల కొండవాలు, ఒక పాత ఇల్లు, అంతకంటే పాతదైన ఒంటి తూటా తుపాకీ ఆవిడ ఆస్తి. నలభై ఏళ్లుగా ఫైర్ స్టేషన్ హాల్లో పిల్లలకు వేట భద్రత క్లాసులు చెబుతోంది. ఆ లోయలో తుపాకీ పట్టినవాళ్లలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే. ప్రిబిల్ సహాయకురాలు వెర్నా కుబాట్ కూడా అందులో ఒకతె. అందుకే ఆవిడ లోపలికి రాగానే వెర్నా తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

వెర్నా పాతికేళ్లు స్కూలు బస్సు నడిపింది. ఆరేళ్లుగా ప్రిబిల్ బండి నడుపుతూ, అతనికి కావలసినవి రాసిపెడుతోంది. ప్రిబిల్ లాంటి బుర్ర మిసిసిపీ నదికి ఇటువైపు ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం. కానీ అదే బుర్ర వేట దగ్గరికి వచ్చేసరికి ఉత్త సొరకాయ. అరవై ఏళ్లొచ్చినా అతను ఒక్కసారీ తుపాకీ పట్టలేదు. వేట మొదలయ్యే రోజున పెళ్లిళ్లు కూడా వాయిదా వేసుకునే జిల్లాలో ఉంటూ ఇలా బతకడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

కాగితంలో ఉన్నది తేలికే. డిసెంబరు ముప్పైన, కొమ్ముల్లేని జింకలను మాత్రమే కొట్టాల్సిన రోజుల్లో, హల్దిస్ బ్రెక్కె కొమ్ములున్న మగజింకను తెలిసే కొట్టి, కొమ్ములు ఊడగొట్టి దాచింది. ఒప్పుకుని సంతకం పెడితే చిన్న జరిమానా, మూడేళ్లు వేట లైసెన్సు రద్దు, పిల్లలకు క్లాసులు చెప్పే అనుమతి శాశ్వతంగా రద్దు. ఒప్పుకోకపోతే శుక్రవారం కోర్టు.

“మూడేళ్లే కదా, పెట్టెయ్యమని చాలామంది చెప్పి ఉంటారు” అన్నాడు ప్రిబిల్.

“అందరూ చెప్పారు. పాస్టరు కూడా చెప్పాడు. నా వయసులో మూడేళ్లంటే ఏమిటో వాళ్లకేం తెలుసు? అది కూడా పోనీండి. దొంగవేట చేశానని నా చేత్తో రాసిచ్చాక, ఆ హాల్లో పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?” అంది హల్దిస్. చేతిలోని ఉన్ని టోపీని పిండుతూనే ఉంది.

జరిగింది ఆవిడ వరసగా చెప్పింది. క్రిస్మస్ ముందురోజు నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవుల వేట. ముప్పైన సాయంత్రం నాలుగింటికి తన వాలు కింద, కోసేసిన మొక్కజొన్న చేను అంచున ఒక జింక కనిపించింది. నెత్తి మీద ఏమీ లేదు. కొట్టింది. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఆడది కాదు, కొమ్ములు రాల్చేసుకున్న ముసలి పోతు. భుజంలో నవంబరు నాటి తూటా దెబ్బ చీము పట్టి ఉంది. అక్కడి పోతులు ఏటా చలికాలంలో కొమ్ములు రాల్చి మళ్లీ పెంచుకుంటాయి, దెబ్బ తిన్నవి అందరికంటే ముందే రాల్చేస్తాయి. చట్టానికి కావలసింది నెత్తి మీద కొమ్ము ఉందా లేదా అన్నదే, కింద ఏముందని అది అడగదు. పేగులు అక్కడే తీసి, ఒళ్లు ఇంటికి ఈడ్చుకొచ్చింది. ముళ్లకంచె కింద నుంచి లాగుతుంటే తీగ తగులుకుని ఎడమ చెవి నిలువునా చిరిగింది. ఇంటి వెనక షెడ్డులో తనే కోసుకుంది. మర్నాడు పొద్దున తలను రెండు నల్ల సంచుల్లో వేసి, మూతి కట్టి, జింకల జబ్బు పరీక్ష కోసం ఓడెగార్డ్ దాణా కొట్టు పక్కనున్న తలల పెట్టెలో పడేసింది. దానికి కట్టిన నంబరు చీటీలో తన ముక్క చింపి దాచుకుంది. ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టింది కూడా.

“ఈడ్చుకొస్తుంటే ఎవరైనా చూశారా?”

“కాకులు చూశాయి.”

“ఆ తల ఎవరికైనా చూపించారా?”

“చూపించేదాన్నయితే సంచీ మూతి ఎందుకు కడతాను, నాయనా?”

వెర్నా ఉండబట్టలేక, అది ఉయ్యాల కుర్చీయేనా అని అడిగింది. ఆ పోతును లోయలో అందరూ ఎరుగుదురు. దాని కొమ్ములు ఉయ్యాల కుర్చీ చేతుల్లా రెండువైపులా వంగి ఉంటాయని ఆ పేరు. హల్దిస్ భుజాలు ఎగరేసింది. “అయ్యుండొచ్చు. నాకు కొమ్ములతో పనేంటే? కొమ్ములు ఉడకవు.”

ప్రిబిల్ కాగితం మడిచి ఆవిడ చేతికిచ్చి, దాన్ని కాస్త జాగ్రత్తగా ఉంచమన్నాడు. చాలాకాలానికి భయపడని మనిషి ఒకరు మెట్లెక్కి వచ్చారని, ఆవిడ వెళ్లిపోయాక వెర్నాతో అన్నాడు.

ఆ జిల్లా వేట వార్డెన్ కోరీ లాంగ్‌వెల్ పన్నెండో ఏట హల్దిస్ దగ్గరే పాసయ్యాడు. చెడ్డవాడు కాదు. కానీ టీచరును తనే పట్టుకోవాల్సి వచ్చిందన్న ఇబ్బందిలో, తను పొరబడి ఉండొచ్చన్న ఆలోచన వైపే వెళ్లలేదు. తన దగ్గరున్న సాక్ష్యాలు మూడని చెప్పాడు.

ఒకటోది, పేరు చెప్పని ఫోను. రికార్డు చేసినది వినిపించాడు. ఎవరో మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడారు. ‘బ్రెక్కె ముసలావిడ ఉయ్యాల కుర్చీని కొట్టేసింది. కొమ్ములు ఉండగానే కొట్టింది. ఎడమ చెవి చిరిగిన పోతు. పేగుల కుప్ప దగ్గర వెతకండి.’ అంతే.

రెండోది, జనవరి రెండున ఆ పేగుల కుప్ప దగ్గర పొదలో దొరికిన ఎడమ కొమ్ము. కుదురు నిండా ఎండిన నెత్తురు. మూడోది, పరీక్షశాలకు ఆ తల అసలు చేరలేదు. పెట్టెలో వేశానని ఆవిడ అంటోంది, ఆ నంబరు తల మాత్రం లేదు. తల ఉంటే నెత్తి మీద కొమ్ము ఊడిన మచ్చ పాతదో కొత్తదో తేలిపోయేది. అందుకే మాయం చేసి ఉంటుందని కోరీ వాదన.

“మరి కుడి కొమ్ము?”

“అది కూడా దాచే ఉంటారు.”

“ఒకటి దాచి, రెండోది పేగుల పక్కన వదిలేశారా?”

కోరీ కాఫీ తాగాడు. ప్రిబిల్ కొమ్మును చేతిలోకి తీసుకుని, కొత్త వస్తువు చూసే పసివాడిలా అటూ ఇటూ తిప్పాడు. కుదురుకు కాస్త పైన సన్నటి గీతలు జతలు జతలుగా ఉన్నాయి. బొటనవేలితో రుద్ది, అవేమిటని వెర్నాను అడిగాడు.

“ఎలక పళ్లు. కొమ్ములో సున్నం ఉంటుంది కదా సార్, వాటికి ప్రాణం.”

ప్రిబిల్ కొమ్మును కిటికీ వెలుగులోకి జరిపాడు. గీతల లోపల కూడా ముదురు ఎరుపు ఉంది. వెర్నా అది చూసింది, పుస్తకంలో రాసుకుంది కూడా. అయినా దాని అర్థం ఏమిటో ఆవిడకు అప్పుడు తట్టలేదు. తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

హల్దిస్ పొలానికి పైన మూడువందల ఎకరాలు షికాగో నుంచి వచ్చే ప్రెస్కాట్‌వి. అతని అడవిలో చెట్ల కంటే కెమెరాలు ఎక్కువని ఊరి హాస్యం. ఆవిడ నలభై ఎకరాలు అమ్మమని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ లేదనిపించుకున్నాడు. కనక ఊళ్లో సగం మంది వేలు అతని వైపే చూపించారు. ప్రిబిల్ వెళ్లేసరికి అతను కోపంగానే ఉన్నాడు. ఆ పోతు కోసం మూడేళ్లుగా కాచుకుంటున్నానని, అది ఒక ముసలావిడ మూకుడులో తేలిందని, ఆ బాధ మీకు తెలియదని అన్నాడు. డిసెంబరు పద్నాలుగున తీసిన చివరి ఫొటో చూపించాడు. కొమ్ములు రెండూ ఉన్నాయి. చెవులు రెండూ తమలపాకుల్లా నిటారుగా, ఏ చిరుగూ లేకుండా ఉన్నాయి. ఆ తర్వాత అది ఏ కెమెరాకూ చిక్కలేదు.

“ఫోను చేసింది మీరేనా?”

“నేనైతే పేరు చెప్పే చేసేవాణ్ణి. దానికే కదా నాకు లాయరున్నది” అన్నాడు ప్రెస్కాట్. వెర్నాకు అతనంటే ఒళ్లుమంట, అయినా ఆ మాట నమ్మింది.

దాణా కొట్టు లైల్ ఓడెగార్డ్‌ది. యాభై దాటినవాడు, మెత్తని మనిషి, చర్చిలో పాటలు పాడతాడు. అతనూ హల్దిస్ శిష్యుడే. ఆ లోయలో అతని అంత బాగా రాలిన కొమ్ములు ఏరేవాడు లేడు. ఇరవై ఏళ్లుగా అతను జింకను కొట్టింది లేదు. మంచు కరిగే రోజుల్లో కొండలన్నీ తిరిగి, పోతులు రాల్చిపోయినవి తెచ్చి గోడకు తగిలిస్తాడు. కౌంటరు వెనక గోడ మీద ఉయ్యాల కుర్చీవి నాలుగు జతలు ఏడాది చీటీలతో వరసగా ఉన్నాయి. ఏటికేడాది కొమ్ము ఎలా పెరిగిందో చూస్తే, ఒక బిడ్డ ఎత్తు గోడ మీద గీసి పెట్టుకున్నట్టు ఉంది. నాలుగో జత కింద రెండు కొత్త ఇత్తడి కొక్కేలు మెరుస్తున్నాయి, వాటికి ఏమీ లేదు.

“ఈ ఏడాదివా?” అని అడిగాడు ప్రిబిల్.

“ఇంక ఎక్కడివి? సీజను ముగిసేదాకా జింకలు పడుకునే చోట కాలు పెట్టకూడదు. అది మా లోయ కట్టు. ఈలోగా ఇలా అయింది.”

“ఒక్క కొమ్ము దొరికితే తగిలిస్తారా?”

“ఒంటి కొమ్మా?” లైల్ నవ్వాడు. “ఒంటి చెప్పు ఎవరైనా దాచుకుంటారా అండీ?”

తలల పెట్టె తపాలా పెట్టెలాంటిది. పైనుంచి వేయడమే కానీ చెయ్యి పెట్టి తీయడం కుదరదు. తాళంచెవి కౌంటరు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. వారానికోసారి వచ్చే డ్రైవరు దాన్ని తనే తీసుకుంటాడు. కౌంటరు దాకా వచ్చినవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చని లైల్ ఒప్పుకున్నాడు. టీచరు గారి సంగతి తలుచుకుంటే నిద్ర పట్టడం లేదని, సంతకం పెట్టేస్తే పీడా పోతుందని తను కూడా చెప్పి చూశానని అన్నాడు. ఆవిడ పిట్టల కోసమని పొద్దుతిరుగుడు గింజల బస్తా ఒకటి వెర్నా బండిలో వేయించాడు.

హల్దిస్ ఆ బస్తా తీసుకోలేదు. “జాలి గింజలు నా పిట్టలు తినవు” అని తిప్పి పంపింది.

గురువారం మధ్యాహ్నం ప్రిబిల్ అందర్నీ ఫైర్ స్టేషన్ హాలుకు పిలిచాడు. అక్కడే ఎందుకని వెర్నా అడిగితే, ఆవిడ పేరు పోయింది అక్కడే, దొరికితే అక్కడే దొరకాలని చెప్పాడు. హల్దిస్ ముందు వరసలో కోటు గుండీలు పెట్టుకునే కూర్చుంది. ప్రెస్కాట్ గడియారం చూసుకుంటున్నాడు. లైల్ చివర్లో, టోపీ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. కోరీ చేతిలో కొమ్ము ఉంది, బల్ల మీద ప్రిబిల్ తెమ్మన్న ఇనప రంపం ఉంది.

“నాకు వేట తెలియదు. కాబట్టి తెలివితక్కువ ప్రశ్న ఒకటి అడుగుతాను, నవ్వకండి” అని మొదలుపెట్టాడు ప్రిబిల్. “కోరీ, ఈవిడ కాల్చిన క్షణంలో ఈ కొమ్ము పోతు నెత్తి మీదే ఉందంటున్నావు కదా?”

“అవును. కుదురు నిండా నెత్తురు ఉంది.”

“ఆ నెత్తురు ఎలక పంటి గీతల్లోకి కూడా దిగింది. ఖాళీ గీతలో నెత్తురు నిండాలంటే ముందు గీత ఉండాలి. అంటే ఎలక ముందు, నెత్తురు తర్వాత. మరి బతికున్న పోతు నెత్తి మీదికి ఎలక ఎక్కి, ఇంత తీరిగ్గా కొరుకుతుంటే అది కదలకుండా నిలబడిందా?”

కోరీ కొమ్మును కిటికీ వైపు తిప్పి చూశాడు. చూస్తూండగా అతని చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఏళ్ల కిందట ఇదే హాల్లో, ఇదే ఆవిడ ముందు తప్పు చెప్పినప్పుడు కూడా అలాగే ఎర్రబడి ఉంటాయని వెర్నా అనుకుంది.

ప్రిబిల్ సాగించాడు. ఆ కొమ్ము ముప్పయ్యో తారీకుకు చాలా ముందే రాలి, ఆకుల్లో పడి ఉంది. ఎలకలు కొరికాయి. దాన్ని ఎవరో ఏరారు. తర్వాత ఎవరో దానికి నెత్తురు పూసి పొదలో పెట్టారు. ఎవరన్నదే మిగిలింది. ఫోనులో మనిషి ఎడమ చెవి చిరిగిన పోతు అన్నాడు. ప్రెస్కాట్ గారి ఫొటోలో చెవులు బాగానే ఉన్నాయి. చెవి చిరిగింది పోతు చచ్చాక, కంచె కింద. దూరం నుంచి వేట చూసినవాడెవడికీ ఆ సంగతి తెలియదు. ఆవిడకు తెలుసు, ఆ సంచీ మూతి విప్పినవాడికి తెలుసు. తల పరీక్షశాలకు చేరకపోవడానికి కారణం కూడా ఆ విప్పినవాడే. నెత్తి మీద మానుతున్న మచ్చను ఎవరైనా చూస్తే కథ అక్కడితో సరి.

“తాళంచెవి మేకుకు ఉంటుంది. ఎవరైనా తీయొచ్చు” అన్నాడు లైల్. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వ్యవహారం.

“తీయొచ్చు. ప్రెస్కాట్ గారి పనివాళ్లు తీయొచ్చు, కోరీ తీయొచ్చు” అని ప్రిబిల్ ఒప్పేసుకున్నాడు. “అందుకే ఒక పరీక్ష చేద్దాం. ఎలకలు ఎన్నాళ్ల కిందట కొరికాయో కచ్చితంగా తెలియాలంటే కొమ్మును నడిమికి కోసి లోపల చూడాలట. కోరీ, కొయ్యి.”

అలాంటి పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదని వెర్నాకు తెలుసు. నోరు తెరవబోయి, ప్రిబిల్ మొహం చూసి మూసుకుంది. కోరీ కొమ్మును బల్ల అంచుకు ఆనించి రంపం పెట్టాడు. ఒకసారి లాగాడు. తెల్లటి పొడి రాలింది.

“కొయ్యొద్దు” అన్నాడు లైల్. లేచి నిలబడ్డాడు. టోపీ కింద పడింది, అతను చూసుకోలేదు. “కోరీ, నీకు పుణ్యముంటుంది. జత పాడైపోతుంది.”

“ఏ జత, లైల్?” అన్నాడు ప్రిబిల్ నెమ్మదిగా. “రెండోది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.”

రంపం ఆగిపోయింది. లైల్ నిలబడే ఉన్నాడు.

“నాకు మొదట్నుంచీ ఒకటే అనుమానం. ఒక్కటే ఎందుకు పెట్టారు?” అన్నాడు ప్రిబిల్. “ఇరికించాలంటే రెండూ పెట్టాలి. రెండూ పెడితే కథకు వంకే ఉండదు. పగ ఉన్నవాడైతే రెండూ పెట్టేవాడు. కొమ్ముల మీద ప్రేమ ఉన్నవాడికే చేతులు రాలేదు. ఎలక కొరికినది ఇచ్చేసి, మచ్చలేనిది ఉంచుకున్నాడు. కేసు ముగిశాక ఇది కూడా ఏదో రకంగా తెచ్చుకుని, ఆ ఇత్తడి కొక్కేలకు తగిలించుకుందామని ఆశ. ఒంటి చెప్పు ఎవరూ దాచుకోరని మీరే అన్నారు.”

లైల్ అప్పుడు చెప్పాడు. డిసెంబరు ఇరవై మూడున, లోయ కట్టు తప్పి, టీచరు గారి వాలు మీద పొదల్లోకి వెళ్లాడు. కుంటుతున్న పోతు అక్కడ పడుకుంటోందని, తొందరగా రాలుస్తుందని అతనికి తెలుసు. రెండు కొమ్ములూ దొరికాయి. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం అది. వారం తర్వాత పెట్టె బరువుగా ఉందని తెరిస్తే సంచీలోంచి నెత్తురు కారుతోంది. విప్పి చూశాడు. గొంతు కింద తెల్లమచ్చ చూసి గుర్తుపట్టాడు. ఆ నెత్తురే ఎడమ కొమ్ముకు పూసి, కొత్త సంవత్సరం నాడు ఆవిడ చర్చిలో ఉండగా వెళ్లి పొదలో పెట్టాడు. తలను పాతిపెట్టి, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఫోను చేశాడు.

“అయిదేళ్లు దాని వెనకాల తిరిగాను, టీచర్ గారూ” అన్నాడు. ఏడుస్తున్నాడు. “ఒక్కసారి కూడా తుపాకీ ఎత్తలేదు. మీరు దాన్ని సాసేజీ చేసేశారు.”

“చేశాను. బాగుంది” అంది హల్దిస్.

ఆవిడ లేచి అతని దగ్గరికి నడిచింది. వెర్నాకు ఒక్క క్షణం, ఆవిడ కొడుతుందేమో అనిపించింది. కొట్టలేదు. “చీము పట్టిన భుజంతో అది ఫిబ్రవరి చూసేది కాదు. కొయెట్ నక్కలు బతికుండగానే పీక్కుతినేవి. నువ్వు దాని కొమ్ములు చూశావు, నేను దాని కుంటు చూశాను. ఎవరికి అదంటే ఎక్కువ ప్రేమో ఇంటికి పోయి ఆలోచించుకో” అంది. తర్వాత కోరీ వైపు తిరిగింది. “నువ్వు. ఈ గదిలో మొదటి రోజు నేను నేర్పింది ఏమిటి?”

కోరీ నిలబడి, పన్నెండేళ్లవాడిలా అప్పజెప్పాడు. “గురి ఏమిటో తెలుసుకో. దాని వెనక ఏముందో చూసుకో. ఆ తర్వాతే కాల్చు.”

“చూసుకున్నావా?”

“లేదు, టీచర్ గారూ.”

ఆ తర్వాత పెద్దమనుషుల మాటలు మొదలయ్యాయి. కోరీ కేసు వెనక్కి తీసుకుంటానన్నాడు. తెల్లారేసరికి కాగితం చించేస్తే ఎవరికీ ఏమీ తెలియదన్నాడు. కోర్టు దాకా వెళ్లక్కర్లేదని, లైల్ పేరు బయటికి రాకపోతే కొట్టు నిలబడుతుందని, చిన్న ఊరు కదా అని ప్రెస్కాట్ కూడా సలహా చెప్పాడు. అతనికి ఊరి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో తెలియదు. వెర్నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆవిడ మీద మాట పడ్డప్పుడు చిన్న ఊరన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

“వద్దు” అంది హల్దిస్. “నన్ను దొంగ అన్నది గుసగుసగా కాదు. చర్చిలో అన్నారు, కొట్లో అన్నారు, పిల్లల అమ్మానాన్నలకు ఉత్తరాలు రాశారు. కాదనడం కూడా అందరూ వినేలాగే అనాలి. రేపు నేను కోర్టుకి వస్తున్నాను. కోరీ, నువ్వొచ్చి నీ నోటితో చెప్తావు. లైల్, నువ్వు ముందు వరసలో కూర్చుంటావు.”

“రాకపోతే?” అన్నాడు లైల్, నేల చూస్తూ.

“వస్తావు. నీకు నేనే నేర్పాను” అంది.

శుక్రవారం ఆ చిన్న కోర్టు గదిలో కుర్చీలు చాలలేదు. పాస్టరు వచ్చాడు. సంతకం పెట్టెయ్యమని సలహా ఇచ్చినవాళ్లంతా వచ్చి, ఆ సలహా తామెప్పుడూ ఇవ్వనట్టు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. క్లాసు పిల్లల్లో చాలామంది బడి ఎగ్గొట్టి వచ్చారు. ప్రిబిల్‌కు తలుపు పక్కన చోటు దొరికింది. వెర్నా అతని ముందు నిలబడి, వెనక్కి తిరిగి తిరిగి చూసి నవ్వుతూ ఉంది. లైల్ ముందు వరసలో, కుడి కొమ్ము పాత దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కోరీ లేచి, తను పొరబడ్డానని, హల్దిస్ బ్రెక్కె ఏ తప్పూ చేయలేదని స్పష్టంగా, కాస్త గట్టిగానే చెప్పాడు. తప్పు ఎవరిదో కూడా చెప్పాడు. లైల్ తల ఎత్తలేదు కానీ లేచి వెళ్లిపోలేదు. జడ్జి కళ్లద్దాలు తీసి, కేసు కొట్టేస్తున్నామని, లైసెన్సుకూ క్లాసులకూ ఏ అడ్డూ లేదని చదివి వినిపించాడు. కాగితాలు సర్దుకుంటూ, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని ఆవిడను మర్యాదకు అడిగాడు. ఆయన ఆ జిల్లాకు కొత్త. ఫైర్ స్టేషన్ హాల్లో ఆవిడ క్లాసు ఎప్పుడూ వినలేదు.

“ఉంది” అని హల్దిస్ లేచి, తీరిగ్గా కోటు గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టింది.